నర్సు జీతం, ఫార్మసిస్టు హోదా: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో తేలని లెక్క

ఒడిశా దక్షిణ జిల్లాల్లోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో ప్లస్ టూ సైన్సు పూర్తిచేసి, ఎంబీబీఎస్ సీటుకు చాలినన్ని నీట్ మార్కులు రాని తెలుగు పిల్లలకు ఇంట్లో పెద్దలు చూపించే దారులు ఎక్కువగా రెండే ఉంటాయి: ఒకటి ఫార్మసీ, రెండోది నర్సింగ్. వాటిలో ఏది ఎవరికన్న నిర్ణయం కూడా చాలా ఇళ్లలో చర్చ లేకుండానే జరిగిపోతుంది; అబ్బాయిని ఫార్మసీలోను, అమ్మాయిని నర్సింగ్‌లోను చేర్పిస్తారు. ఫార్మసీ చదివితే సొంతంగా మందుల షాపు పెట్టుకుని ఒకరి కింద పనిచేయకుండా బతకవచ్చన్నది మొదటి నమ్మకం. నర్సింగ్ చదివితే ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుంది గాని, రాత్రి డ్యూటీలు తప్పవని, పెళ్లి సంబంధాల దగ్గర కాస్త వెనకడుగు వేయవలసి వస్తుందని రెండోది. ఈ నమ్మకాల్లో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ రెండు వృత్తుల జీతాన్ని నిర్ణయించే నియమాలు వేరు, సమాజంలో వాటికి దక్కే గౌరవాన్ని నిర్ణయించేవి వేరు. చాలా సందర్భాల్లో అవి ఎదురెదురు దిశల్లో నడుస్తాయి.

ముందుగా ప్రభుత్వ కొలువు సంగతి చూద్దాం. ఏడో వేతన సంఘం పట్టిక ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌గా చేరేవారి మూల వేతనం లెవల్ 7లో 44,900 రూపాయలతో మొదలవుతుంది. అవే ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేరేవారిది లెవల్ 5లో 29,200 రూపాయలు. తేడా 15,700 రూపాయలు. కరువు భత్యం మూల వేతనంపై శాతంగా లెక్కగడతారు కాబట్టి, అది పెరిగిన ప్రతిసారీ ఈ అంతరం రూపాయల్లో మరింత పెరుగుతుంది. దీనికి తోడు 2017లో భత్యాలను సవరించినప్పుడు నర్సులకు నెలకు 7,200 రూపాయల నర్సింగ్ భత్యాన్ని, దుస్తుల కోసం 1,800 రూపాయలను విడిగా నిర్ణయించారు. ఫార్మసిస్టుకు రెండేళ్ల సర్వీసు తరువాత పై గ్రేడు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, అది లెవల్ 6 వరకే, అంటే 35,400 రూపాయల మెట్టు వరకే తీసుకువెళ్తుంది. ఒడిశా రాష్ట్ర ప్రభుత్వంలో నర్సింగ్ ఆఫీసర్ చేరే రోజునే ఉండే మూల వేతనం కూడా 35,400 రూపాయలే. రాష్ట్ర ఫార్మసిస్టు అంతకన్నా కింది మెట్టు మీద మొదలుపెడతాడు.

ఈ అంకెలు మొదటిసారి విన్నవారికి, ముఖ్యంగా నాలుగేళ్ల బీ ఫార్మసీకి లక్షలు కట్టిన తల్లిదండ్రులకు, ఏదో అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. దీని వెనుక ఉన్న నియమం మాత్రం సూటిగానే ఉంటుంది. ప్రభుత్వం జీతం నిర్ణయించేది అభ్యర్థి చేతిలో ఉన్న డిగ్రీని బట్టి కాదు, ఆ పోస్టుకు పెట్టిన కనీస అర్హతను బట్టి. ఫార్మసిస్టు పోస్టుకు కనీస అర్హత ప్లస్ టూ తరువాత రెండేళ్ల డీ ఫార్మసీ, దానిపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. స్టాఫ్ నర్సు (నర్సింగ్ ఆఫీసర్‌కు పాత పేరు) పోస్టుకు కనీస అర్హత మూడేళ్ల జీఎన్‌ఎం, అంటే జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా; కొంతకాలం కిందటి వరకు అది మూడున్నరేళ్లుగా ఉండేది. కాబట్టి బీ ఫార్మసీ చదివినా, ఆరేళ్ల ఫార్మ్ డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివినా, ఆ పోస్టులో చేరినంతవరకు దొరికేది డిప్లొమా జీతమే. పైగా కొన్ని రాష్ట్రాల నోటిఫికేషన్లు డిప్లొమా ఉన్నవారినే పిలిచి డిగ్రీవారిని పక్కన పెట్టడం వల్ల తగాదాలు వచ్చాయి. బీహార్‌లో ఈ వ్యవహారం కోర్టులకెక్కింది. ఎక్కువ చదివినవారే అనర్హులు కావడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, దరఖాస్తు చేసేముందు అర్హతల పేరాను ఒకటికి రెండుసార్లు చదవక తప్పని స్థితి అది.

రెండో కారణం వేతన సంఘాల దృష్టి. 2006 నుంచి అమలైన ఆరో వేతన సంఘం సిఫార్సుల్లో ప్రజలతో నేరుగా వ్యవహరించే నర్సులు, ఉపాధ్యాయులు, కానిస్టేబుళ్ల వంటి వర్గాలకు ఉద్దేశపూర్వకంగా పై మెట్టు ఇచ్చారు. నర్సుకు 4,600 గ్రేడ్ పే (ఉద్యోగి మెట్టును తెలిపేలా వేతనానికి కలిపే మొత్తం) వచ్చింది అప్పుడే. ఏడో సంఘం ఆ గ్రేడ్ పేలనే లెవళ్లుగా మార్చింది గనుక నాటి మెట్టే నేటికీ నిలిచింది. ఫార్మసిస్టులు ఆ వరసలో చేరలేకపోయారు. సంఖ్యాబలం కూడా ఇక్కడ పనిచేసిందని నా అభిప్రాయం. ఆసుపత్రిలో వార్డుకు మూడు షిఫ్టుల నర్సులు కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు పోస్టు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. 2024లో రైల్వే బోర్డులు వెలువరించిన పారామెడికల్ నోటిఫికేషన్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్ (రైల్వేలో నర్సు చేరే తొలి పోస్టుకే ఆ పేరు) పోస్టులు 713 ఉంటే, ఫార్మసిస్టు పోస్టులు 246 మాత్రమే. ఎక్కువమంది ఉన్న కేడర్‌కు సమ్మె శక్తి ఉంటుంది, పదోన్నతి మెట్లు కూడా ఎక్కువ ఉంటాయి. కేంద్రంలో నర్సింగ్ ఆఫీసర్ నుంచి సీనియర్ నర్సింగ్ ఆఫీసర్, అసిస్టెంట్ సూపరింటెండెంట్, డిప్యూటీ సూపరింటెండెంట్, సూపరింటెండెంట్, ఆపై చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ వరకు నిచ్చెన సాగుతుంది. జిల్లాలో ఒకరో ఇద్దరో చీఫ్ ఫార్మసిస్టులు ఉండే వ్యవస్థలో, ఇరవై అయిదేళ్లకు చేరిన కుర్రవాడు రిటైరయ్యే నాటికి కూడా అదే కౌంటరు వెనుక కనిపించడం వింత కాదు.

ఇది ప్రపంచమంతటా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. అమెరికా కార్మిక శాఖ గణాంకాల్లో 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు, ఫార్మసిస్టుది 1,37,480 డాలర్లు. అక్కడ లెక్క తిరగబడటానికి కారణం కూడా కనీస అర్హతే. ఆ దేశంలో ఫార్మసిస్టు కావాలంటే ఫార్మ్ డీ తప్పనిసరి. మందుల మధ్య పొసగనితనం, మోతాదు, మందు మార్పు వంటి విషయాల్లో వైద్యునితో మాట్లాడే బాధ్యత అతనిది. మనదేశంలో ఫార్మ్ డీ 2008లో మొదలైంది గాని, దానికి తగిన పోస్టులను ప్రభుత్వ ఆసుపత్రుల్లో విస్తృతంగా సృష్టించలేదు. కోర్సు వచ్చింది, కుర్చీ రాలేదు. మన నాలుగేళ్ల బీ ఫార్మసీతో అమెరికా లైసెన్సుకు దారితీసే పరీక్ష రాయడం కూడా కుదరదు. 2003 తరువాత పట్టా పొందినవారికి అయిదేళ్ల చదువు అక్కడి నిబంధన. నర్సుకు మాత్రం మూడేళ్ల జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ రెండూ గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, జర్మనీకి దారి చూపగలవు. భాషా పరీక్ష, ఆయా దేశాల లైసెన్సు పరీక్ష గట్టెక్కాలన్నదే షరతు. విదేశీ దారి విషయంలో మన దగ్గర ఫార్మసీకీ నర్సింగ్‌కూ ఉన్న అంతరం దేశంలోని జీతాల అంతరం కన్నా పెద్దది.

ప్రైవేటు రంగంలోకి వస్తే చిత్రం మరింత చిక్కుపడుతుంది. 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షను ప్రకారం వైద్యుని చీటీపై మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టు మాత్రమే చేయాలి. మందుల షాపు లైసెన్సు రావాలంటే కనీసం 10 చదరపు మీటర్ల స్థలంతో పాటు ఫార్మసిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కాగితం మీద ఇంత గట్టి రక్షణ నర్సుకు కూడా లేదు. కాని ఈ రక్షణే ఫార్మసిస్టు జీతాన్ని దెబ్బతీసింది. షాపు యజమానికి లైసెన్సు కోసం కావలసింది ఫార్మసిస్టు పేరు; అమ్మకం కోసం కావలసింది మందుల పేర్లు తెలిసిన, తక్కువ జీతానికి పనిచేసే ఒక కుర్రవాడు. ఈ రెండూ ఒక మనిషిలోనే ఉండాలని తనిఖీ అధికారి పట్టుబట్టనంతకాలం, సర్టిఫికెట్‌ను నెలకు కొన్ని వేలకు అద్దెకు తీసుకోవడమే యజమానికి లాభం. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు దీన్ని తప్పుగానే పరిగణిస్తాయి, అయినా సరిహద్దు పట్టణాల్లో ఇది దాపరికం లేని ఏర్పాటు. సర్టిఫికెట్ అద్దెకిచ్చినవాడు వేరే ఊళ్లో వేరే పని చేసుకుంటూ వచ్చిన డబ్బు మిగులే కదా అనుకుంటాడు. కౌంటరు దగ్గర నిజంగా నిలబడి పనిచేయాలనుకునే ఫార్మసిస్టుకు ఆ అద్దె ధరే జీతానికి కొలబద్దగా మారుతుంది. చట్టం ఇచ్చిన హక్కును ఇంత చవకగా అమ్ముకున్న వృత్తి మరొకటి కనిపించదు.

కాలేజీల సంఖ్య ఈ నష్టాన్ని పెంచింది. కొత్త ఫార్మసీ కాలేజీలపై ఫార్మసీ కౌన్సిల్ 2019లో విధించిన అయిదేళ్ల నిషేధాన్ని 2022 సెప్టెంబరులో సుప్రీం కోర్టు కొట్టివేసింది. ఆ తరువాత అనుమతులు ధారాళంగా వచ్చాయి. డీ ఫార్మసీ చదివినవారికి రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష పెట్టాలని 2022లో నిబంధనలు చేశారు. పట్టాల వరదకు అదొక అడ్డుకట్ట కావచ్చునన్న ఆశ ఉంది.

సొంత షాపు సంగతి కూడా అంకెల్లోనే చూడాలి. ధరల నియంత్రణ జాబితాలోని మందులపై 2013 నాటి ఔషధ ధరల ఉత్తర్వు చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిన్‌ను నిర్ణయించింది. జీఎస్టీ కలపక ముందు, వంద రూపాయలకు కొన్న మందును 116కు అమ్మవచ్చునని దాని భావం. నియంత్రణలో లేని మందులపై వాడుకలో ఉన్న మార్జిన్ 20 శాతం దాకా ఉంటుంది. జాగ్రత్త కోసం 16 శాతాన్నే తీసుకుని, రోజుకు 8,000 రూపాయల అమ్మకం ఉన్న షాపును ఊహించుకుంటే, రోజుకు మిగిలేది సుమారు 1,100, నెలకు సుమారు 33,000. ఇందులోనుంచి గది అద్దె, కరెంటు, ఫ్రిజ్, సహాయకుడి జీతం, గడువు తీరి కంపెనీ వెనక్కి తీసుకోని మందులు, వసూలు కాని అరువులు, పక్క షాపువాడు బోర్డు పెట్టినందుకు తానూ ఇవ్వవలసి వచ్చిన 10 శాతం తగ్గింపు పోవాలి. జన ఔషధి కేంద్రానికి 20 శాతం మార్జిన్ ఉన్నా అక్కడ మందుల ధరలే తక్కువ కాబట్టి అంత మొత్తం రావాలంటే ఎక్కువ సరుకు కదలాలి. దీనికి తోడు ఒడిశాలో 2015 నుంచి నడుస్తున్న నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోగికి అది మేలు. ఆసుపత్రి గేటు ఎదుట షాపు పెట్టినవాడి లెక్కలో అది కోత. ఆసుపత్రి దగ్గర సొంత గది, సొంత పెట్టుబడి, అప్పు లేని మొదలు ఉన్న కుటుంబానికి మందుల షాపు నిజంగానే ప్రభుత్వ జీతాన్ని మించగలదు, పిల్లలకు మిగిలే ఆస్తి కూడా అవుతుంది. అవి లేనివాడికి యజమాని అన్న పేరే దక్కుతుంది.

బీ ఫార్మసీ చదివినవారికి షాపు కాక మరి రెండు దారులున్నాయి. ఒకటి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. దానికి ఫార్మసీ డిగ్రీ పనికివస్తుంది గాని డిప్లొమా పనికిరాదు, ఖాళీలు మాత్రం బహు తక్కువ. రెండోది పరిశ్రమ. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోను, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలోను ఉన్న కర్మాగారాలు గంజాం, గజపతి జిల్లాల తెలుగు యువకులకు దగ్గరి గమ్యాలు. అయితే ముడి ఔషధాలు తయారుచేసే యూనిట్లలో కెమిస్ట్రీ చదివినవారికే గిరాకీ ఎక్కువ. ఫార్మసీ పట్టాకు విలువ మాత్రలు, ఇంజక్షన్ల తయారీలోను, నాణ్యతా విభాగంలోను ఉంటుంది.

ప్రైవేటు నర్సుల పరిస్థితి మెరుగ్గా ఉందని ఇంతవరకు చదివినవారు అనుకోవచ్చు. లేదు. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సుతో సమాన జీతం ఇవ్వాలని, 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గరాదని, 50 లోపు పడకలున్నచోట కూడా 20,000 రూపాయలకు తక్కువ ఉండరాదని సిఫార్సు చేసింది. కేరళ 2018లో పోరాటాల నడుమ దీన్ని కొంతవరకు కనీస వేతన ఉత్తర్వుగా మార్చింది. బరంపురం నుంచి పార్వతీపురం దాకా ఉన్న చిన్న నర్సింగ్ హోముల్లో ఆ 20,000 ఇప్పటికీ అందుకోలేని నర్సులు చాలామందే ఉన్నారు. ఏ కోర్సూ చదవని అమ్మాయికి తెల్ల కోటు వేయించి సెలైన్ పెట్టించే యాజమాన్యాలు ఉన్నంతకాలం, చదివిన నర్సు బేరమాడే శక్తి పెరగదు. అయినా ఒక తేడా ఉంది: నర్సు తన సర్టిఫికెట్‌ను గోడకు వేలాడదీసి ఇంట్లో కూర్చోలేదు. వార్డులో ఆమె ఉండాలి. ఆ హాజరు వల్లనే ఆమెకు అనుభవ ధ్రువపత్రం, ఐసీయూ నైపుణ్యం, హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్లే అర్హత పోగవుతాయి. అద్దెకు పోయిన ఫార్మసీ సర్టిఫికెట్‌కు పదేళ్లయినా అనుభవం రాదు.

ఇక గౌరవం మాట. పల్లెల్లో మందుల షాపు నడిపేవాడిని డాక్టరు గారూ అని పిలవడం మామూలే. ఒడిశా కొండ జిల్లాల్లో వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్న ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టే రోగిని చూసి మందు ఇచ్చే పరిస్థితి ఉంది; చట్టం అతనికి రోగనిర్ధారణ అధికారం ఇవ్వలేదు, అవసరం ఇచ్చింది. ఈ అరువు హోదా వల్ల ఊళ్లో నమస్కారాలు వస్తాయి గాని, అది ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఎక్కదు, ఏదైనా తేడా జరిగితే నింద మాత్రం అతని మీదే పడుతుంది. నర్సు దీనికి పూర్తిగా భిన్నమైన స్థితిలో ఉంటుంది. జీతం ఎక్కువ ఉన్నా, రాత్రి డ్యూటీ, పరాయి శరీరాన్ని తాకే పని, ఎక్కువగా ఆడవాళ్లే చేసే వృత్తి కావడం ఆమె పనిని ఇంటి దృష్టిలో తక్కువ చేశాయి. దీనికి చరిత్ర కూడా కొంత కారణం. ఈ ప్రాంతంలో నర్సింగ్ శిక్షణకు పునాది వేసినవి ఎక్కువగా మిషన్ ఆసుపత్రులు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు లిస్ మాడ్సెన్ 1954లో ప్రారంభించిన క్రిస్టియన్ ఆసుపత్రి అందుకు నిదర్శనం. అక్కడ ముందుగా చేరినవారు దళిత, ఆదివాసీ, క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. పై కులాల తెలుగు ఇళ్లు నర్సింగ్‌ను చిన్నచూపు చూడటంలో పని స్వభావం కన్నా ఈ కులపు లెక్కే ఎక్కువని నాకనిపిస్తుంది. జీతాలు పెరిగాక ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు నర్సింగ్ సీట్ల వరసలో నిలబడుతున్నారు. ఎయిమ్స్ ఉమ్మడి పరీక్షలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు 80 శాతం స్త్రీలకు, 20 శాతం పురుషులకు కేటాయించడంతో మగపిల్లలూ ఈ వైపు చూస్తున్నారు.

హోదాలో నిజమైన మార్పు తెచ్చింది ఆయుష్మాన్ భారత్ కింద 2018 నుంచి పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో వచ్చిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టు. బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్‌ఎం చదివి, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును విడిగానో చదువులో భాగంగానో పూర్తిచేసినవారు దీనికి అర్హులు. కేంద్ర మార్గదర్శకాల్లో నెలకు 25,000 రూపాయల స్థిర వేతనం, పనితీరును బట్టి 15,000 వరకు ప్రోత్సాహకం ఉన్నాయి. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా ఉపకేంద్రంలో ఆమే పెద్ద. బీపీ, షుగరు రోగులకు మందు అందించేది ఆమే. మందు ఇచ్చే పని ఫార్మసిస్టుదే అన్న నియమానికి ఇది వింత మినహాయింపు. ఔషధ నిబంధనల షెడ్యూల్ కె ఉపకేంద్ర సిబ్బందికి ఎప్పటినుంచో విక్రయ లైసెన్సు అవసరం లేకుండా చేసింది. ఫార్మసిస్టులు ఈ కొత్త పోస్టుకు అర్హులు కారు.

సరిహద్దు తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే మరో చిక్కు ఉంది, రెండు వృత్తుల లెక్కను అది మళ్లీ మారుస్తుంది. ఒడిశా సబార్డినేట్ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నియామకాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా ఉత్తీర్ణులై ఉండాలి, లేదా దానికి సమానమైన భాషా పరీక్ష రాయాలి. తెలుగు మాధ్యమంలోనో, ఒడియా లేని ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలోనో చదివిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఆంధ్రప్రదేశ్‌కు పోదామంటే 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సాధారణంగా నాలుగు నుంచి పదో తరగతి వరకు చదివిన చోటే స్థానికతను నిర్ణయిస్తుంది. పర్లాకిమిడిలో చదివిన పిల్ల మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో ఇల్లు కట్టుకున్నా స్థానికేతరురాలే. రిజిస్ట్రేషన్ కూడా రాష్ట్రానికొకటి కాబట్టి, శ్రీకాకుళంలో చదివి అక్కడే నమోదైనవారు ఒడిశా పోస్టుకు పోటీపడాలంటే ముందు దాన్ని భువనేశ్వరంలోని తమ వృత్తి కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆ కాగితాలు గడువులోగా అందకపోవచ్చు.

రెండు రాష్ట్రాల్లోనూ ఇలా పక్కకు పడినవారికి మిగిలేవి స్థానికతతో నిమిత్తం లేని కొలువులు. రైల్వే పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. ఎయిమ్స్, ఈఎస్ఐ ఆసుపత్రుల నియామకాలు దేశమంతటికీ తెరచి ఉంటాయి. ఆ పోస్టుల్లో నర్సుల వాటా పెద్దది, ఫార్మసిస్టుల వాటా చిన్నది. ఒడియా రాని నర్సుకు ఇవి కాక పెద్ద నగరాల కార్పొరేట్ ఆసుపత్రులు, విదేశాలు కూడా ఉన్నాయి. ఒడియా రాని డీ ఫార్మసీ కుర్రవాడికి రైల్వే నోటిఫికేషన్ దాటాక కనిపించేది, పెట్టుబడి ఉంటే సొంత షాపు, లేకపోతే మరొకరి షాపులో కౌంటరు.